హన్మాండ్లు బల్లకు మొలిచిన పసుపు

ఇందుల ఆవగింజంత అబద్ధమున్నా నా నోట్ల మిగిలిన రెండు పండ్లు గిప్పుడే రాలిపోవాలె, కోడలా.

హన్మాండ్లు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, ఇంటెనుక ట్రాక్టరు షెడ్డుల ప్లైవుడ్డు బల్ల చేస్తుండె. మోటార్లు విప్పి బాగుచేసే బల్ల. పొద్దుగాల లేస్తే రంపం చప్పుడే. ఆ చప్పుడుకు పక్కూరు అంకాపూర్ల బర్రెలు గూడ పాలియ్యకపోయినయి.

ఆర్మూరంత అనుమానమే. చెక్క పొరల నడుమ బంగారం పెడుతున్నడని కొందరు. పెండ్లాం మంగవ్వది వేరే అనుమానం.

"బల్లంటున్నవు, నాలుగు దిక్కుల పలకలు కోస్తున్నవు. మళ్ల దుబాయి పోయే పెట్టె కాదు గద?"

"పెట్టెకు కాళ్లుంటయానె?"

"నీకున్నయి గద కాళ్లు! నా అనుమానం వాటి మీదనే."

చెదలు పట్టకుండ పలకల్ని పసుపుల ఉడకపెట్టుమన్నది మంగవ్వ. పసుపు ఉడికే కడాయిల ముంచిండ్రు. ఉడికిన ప్లైవుడ్డు పొరలు ఊడి అప్పడాలు కావాలె, పెట్టెకు పనికిరావద్దు, ఆమె ఆశ గదే. ఊడలే. పచ్చగ మెరిసినయి. బల్ల నిలవడ్డది.

వానలు పడంగనే బల్లకాళ్లకు పసుపు మొలిచింది. ఉడికిన పసుపు మొలవదని పాలు తాగే పోరగాండ్లకు గూడ ఎరుకే. అయినా వచ్చినోళ్లందరు "ఎరువెప్పుడేస్తవు?" అనడిగి, మోటారు అప్పజెప్పి పోయిండ్రు.

ఒకనాడు ఏజెంటు దేవిదాస్ వచ్చిండు. "హన్మాండ్లన్నా, వీసా వచ్చింది. రేపే బండి."

మంగవ్వ మొగుడి దిక్కు చూసింది. మొగుడు నేల చూసిండు. ఊర్ల పని దొరుకుతదన్న నమ్మకం లేక, పాస్‌పోర్టుతో సహా సూట్‌కేసు సదిరి ఎప్పుడో బల్ల కింద దాచిండాయన.

ఆ సూట్‌కేసు గుంజితే రాలే. పసుపు కొమ్ములు వేళ్ల లెక్క పిడిని పట్టుకున్నయి. బెల్టుల సందుల దూరి, తాళంకప్పను గూడ మింగినయి.

దేవిదాస్ గడ్డపార ఎత్తిండు. ఎత్తినోడు ఎత్తినట్లే ఆగిండు. ఆయన గూడ పసుపు రైతు కొడుకే గద, ఆకు ఎండకముందు పసుపు తవ్వొద్దని ఎరుకే.

"ఆకు ఇంక పచ్చగనే ఉన్నదన్నా. ఎట్ల తవ్వుదం?"

"ఆకు ఎండనియ్యాలె," అన్నడు హన్మాండ్లు.

"అవ్, ఎండనియ్యాలె. ఎండినంక పోదువు తియ్." గడ్డపార గోడకానిచ్చి దేవిదాస్ వెళ్లిపోయిండు.

ఆ ఆకు ఎండలే. వీసా గడువు ఎండింది, దేవిదాస్ నెత్తి మీద ఎంటికలు ఎండినయి, ఆకు మాత్రం పచ్చగనే ఉన్నది. ఇప్పుడు షెడ్డు నిండ మోటార్లే, హన్మాండ్లుకు అన్నం తిన తీరదు. కానీ నడి ఎండకాలం గూడ ఆకెందుకు ఎండుతలేదని ఆయనకు అనుమానం. వచ్చినోళ్ల మొఖం చూడడు, చేతులు చూస్తడు.

అందుకే ఇగో, నా అడకత్తెర తీసుకపో. పదును పెట్టుమను. గీ నీళ్ల చెంబు కొంగు కింద దాచుకో. ఆయన తలకాయ వంచంగనే బల్లకాలుకాడ ఆ నీళ్లు పొయ్. మంగవ్వ చూస్తదని ఫికర్ చేయకు. నిన్ను చూడంగనే ఆమె మొఖం అటు తిప్పుకుంటది.