గడ్డం కింద ముడి

"చెవులు కప్పని టోపీ ఎందుకే? నెత్తిన మూకుడు బోర్లించుకున్నా అంతేగా," అంటోంది అత్తగారు.

"నానమ్మా, అది క్యాప్. లోకమంతా పెట్టుకునేదే. నువ్వు చెప్పే గంప పెట్టుకుంటే అమ్మ వెనక కుక్కలు పడతాయి," అంది మనవరాలు.

"పడనీ. కుక్క కరిస్తే మందుంది."

ఆ మాట ముందుగదిలో అందరికీ వినపడింది. అత్తగారు నాలిక్కరుచుకుని, ఒళ్ళో ఉన్న నీలం గుడ్డ మీదికి వంగి మళ్ళీ కుట్టు మొదలుపెట్టింది.

ఆ ఇంటి కోడలు, భూములు కొలిచే సర్వేయరు, కిటికీ దగ్గర నిలబడి ఎడమ చెవి మీది ప్లాస్టరు అంచును గోటితో గీకుతోంది. చెవి పైకొసన ఎన్నాళ్ళో మానని పొక్కు. ఎండపొక్కేలే అని కొబ్బరినూనె రాసి ఊరుకుంది. డాక్టరమ్మ దాన్ని కోసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. తొందరగా చూపించుకున్నారు, భయం లేదంది. కానీ ఇకమీదట ఆ చెవికి ఎండ తగలకూడదంది. అప్పట్నుంచీ సర్వేయరు ఇంటిపట్టునే ఉంది. ఉందన్నమాటే గానీ కాలు నిలవదు. వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య పచార్లు చేస్తుంది. పడగ్గది తలుపు పైఅంచు కుడివైపు వాలిందని కనిపెట్టింది. కూర్చోగానే మోకాలు ఊపుతుంది.

ఇవాళ ఆఫీసరు ఫోన్ చేశాడు. "నక్షాల సెక్షన్లో కుర్చీ ఖాళీగా ఉందమ్మా. ఫ్యాను కింద పని. వస్తారా, ఫీల్డుకే వెళ్తారా? రేపు పొద్దున్న చెప్పేయండి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఇంటాయనకి ఫొటో ఫ్రేముల దుకాణం ఉంది. అద్దం కోసినట్టే మాట్లాడతాడు, ఒక్క గీత, అంతే. "కుర్చీ తీసుకో."

"సరైన టోపీ దొరికితే ఫీల్డుకే వెళ్తాను," అంది సర్వేయరు. దాంతో టోపీల మీద పడ్డారు అందరూ.

బల్లంతా టోపీలే. గడ్డి టోపీని దీపానికి ఎదురుగా పట్టి చూస్తే అల్లికలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా ఆయన చొక్కా మీద పడింది. "జల్లెడ," అని పక్కన పడేశాడాయన. అమ్మాయి తెచ్చిన క్యాప్ నుదురు తప్ప ఇంకేమీ కాయదు. మెడమీదికి గుడ్డ వేలాడేది ఒకటుంది గానీ, పెట్టుకుంటే పక్కనుంచి పిలిచినా వినపడదు. ఇక మిగిలింది ఆయన కొనుక్కొచ్చిన గట్టి అంచు టోపీ. చెవులు, మెడ, భుజాలు కూడా నీడలోకి వస్తాయి.

"అందరూ కలిసి నాకు టోపీ పెట్టాలనే చూస్తున్నారు," అంది సర్వేయరు. 

"పెట్టుకుని పని చేసి చూపించు. సరిపోతే నేనింక నోరెత్తను," అన్నాడాయన.

అటక మీంచి పాత ముక్కాలి స్టాండు దింపారు. కొలతల మిషన్‌కి బదులు దానిపైన అమ్మాయి బైనాక్యులర్ కట్టారు. సర్వేయరు ముఖంలోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. గట్టి అంచు టోపీ తలకి తగిలించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. "పాపా, గుమ్మం దగ్గర చీపురు కొలకర్రలా నిలబెట్టి పట్టుకో. వంచకూడదు," అంటూ కన్ను ఆనించబోయింది. టోపీ అంచు బైనాక్యులర్‌కి తగిలి వెనక్కి జరిగింది. చెయ్యి దానంతటదే పైకి వెళ్ళింది. టోపీ తీసింది, బైనాక్యులర్ మీద నీడగా బోర్లించింది, ఖాళీ నెత్తితో కన్ను ఆనించింది.

"కొంచెం ఎడమకి... ఆఁ, అక్కడే ఉంచు."

 తలెత్తి చూస్తే ముగ్గురూ తననే చూస్తున్నారు.

"ఏమైంది?"

"అమ్మా, టోపీ ఎక్కడుంది?"

సర్వేయరు నెత్తి తడుముకుంది. తర్వాత బైనాక్యులర్ వంక చూసింది.

"అంటే ఇన్నేళ్ళూ టోపీ పెట్టుకుంది మిషనా?" అంది అత్తగారు.

"అది కాదత్తయ్యా. మిషన్‌కి ఎండ తగిలితే లోపల మట్టం చూపే బుడగ కదిలిపోతుంది. ఇంక ఆ పూట తీసిన కొలతలన్నీ తప్పే. మా పనిలో గొడుగు కూడా దానికే పడతాం."

"నీ మొహానికి పట్టే దిక్కే లేకపోయిందా మరి!"

"డాక్టరమ్మతో రోజూ టోపీ పెట్టుకుంటానని చెప్పావుగా?" అన్నాడాయన.

"పెట్టుకునే వెళ్తాను," అంది సర్వేయరు. అబద్ధం కాదు. పెట్టుకునే వెళ్తుంది, పెట్టుకునే వస్తుంది. మధ్యలో అది ఎక్కడ ఉంటుందో ఇప్పటిదాకా ఆమెకే తెలియదు.

వెళ్ళి కిటికీ గట్టు మీద కూర్చుంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ రాలేదు. తన చెయ్యే తన మాట విననప్పుడు ఆయన్ని ఏమనగలదు? ఫ్యాను కింద కుర్చీ కళ్ళముందు కదిలింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేరేవాళ్ళు కొలిచిన నేలను కాగితం మీద గీస్తూ... మోకాలు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. వంటింటిదాకా వెళ్ళింది, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చింది.

అత్తగారు దారం కొరికి, నీలం గుడ్డ టోపీ దులిపింది. మందపాటి గుడ్డను రెండు వరసలు వేసి కుట్టింది. చుట్టూ వెడల్పాటి మెత్తని అంచు, గడ్డం కింద కట్టుకోవడానికి రెండు తాళ్ళు.

"ఊయల్లో పాపాయికి పెడతారు ఇలాంటిది," అంది అమ్మాయి.

"నువ్వూ పెట్టుకున్నావులే. పీకి పారేస్తుంటే ఇలాగే కట్టేదాన్ని."

సర్వేయరు నడక ఆపింది. "ఏదీ, ఇలా ఇవ్వండత్తయ్యా."

అత్తగారే లేచి పెట్టింది, ప్లాస్టరు నొక్కుకోకుండా చూసుకుని గడ్డం కింద గట్టిగా రెండు ముళ్ళు వేసింది. సర్వేయరు స్టాండు దగ్గరికి వెళ్ళి, దాని మీది గట్టి టోపీని బల్ల మీద పెట్టి వంగింది. మెత్తని అంచు బైనాక్యులర్‌కి తగిలి తనే మడతపడింది. అంతలోనే చెయ్యి అలవాటుగా పైకి లేచింది, టోపీని పట్టి లాగింది. తాడు గడ్డం కింద బిగుసుకుంది. చెయ్యి ఆగి, మెల్లగా కిందికి దిగింది.

మళ్ళీ వంగింది. మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ తాడు పట్టి ఆపింది. అమ్మాయి నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఊరుకుంది.

"ఎండ నడినెత్తికొచ్చాక?" అన్నాడాయన.

సర్వేయరు గట్టి అంచు టోపీని తీసి బైనాక్యులర్ మీద బోర్లించింది. చెవి మీదికి వెళ్ళబోయిన గోటిని దించుకుంది.

"మధ్యాహ్నాలు నీడకి వచ్చేస్తాను. కొలతలు ఆగుతాయి, ఆగనీ. గొడుగు నాకు, ఈ గట్టి టోపీ మిషన్‌కి. నా నెత్తి మీది నీలం టోపీ మాత్రం అత్తయ్య కడతారు, ఇంటికొచ్చాక అత్తయ్యే విప్పుతారు," అంది. తర్వాత గొంతు తగ్గించినా, ముగ్గురికీ వినపడేలానే చెప్పింది. "కుర్చీ ఇంకొకరికి ఇచ్చేయమని పొద్దున్నే చెప్పేస్తాను."