నాము విరగని వాన

పుల్లెద్దు ముందుకాళ్ల మీద కూలబడి తలను మూడుసార్లు నేలకేసి కొట్టుకుంది. నోటి నుంచి నురుగు తీగలు తీగలుగా కారుతోంది. కడుపు డప్పులా ఉబ్బింది. సైదమ్మ ఒక చేత్తో కొమ్ము పట్టుకుని, ఇంకో చేత్తో వెదురు గొట్టం దాని దవడలోకి తోసి తాగడానికి తెచ్చుకున్న మజ్జిగ పోసింది. పోసింది పోసినట్టే బయటికొచ్చి ఆమె మోకాళ్ల మీద పడింది. ఎద్దు నాలుగు కాళ్లూ బిగదన్ని గట్టిగా ఒక్క ఊపిరి లాగింది. ఆ ఊపిరి మళ్లీ వదల్లేదు.

పొద్దింకా నడినెత్తికి రాలేదు. తెల్లవారి కొట్టంలో ఇదే ఎద్దు, మెడ గోకమని ఆమె భుజానికి తల రాసింది.

ఎట్లా చచ్చిందో సైదమ్మకు తెలుసు. ఆమెకొక్కదానికే తెలుసు.

పోలీసు యాక్షన్ అయి పదేళ్లు నిండిన ఆ ఏడు, ఆరుద్ర కార్తెలో పడ్డ వాన మళ్లీ మొహం చూపలేదు. మోకాలెత్తు లేచిన జొన్న మాడిపోతుంటే, పోతే పోయిందని కోసి పసులకు వేశారు. కోసిన మోళ్ల నుంచి పచ్చగా పిలకలు లేచాయి. చూడటానికి కంటికి చల్లగా ఉంటాయి గానీ, ఎండకు గిడసబారిన ఆ పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. నాలుగు బుక్కలు మేసిన గొడ్డు గడియసేపట్లో కాళ్లు తన్నుకుని చస్తుంది. పెద్దవాన దంచి కొట్టి, వేరు తడిసి, ఆకు కొత్తగా సాగితే నాము విరుగుతుంది. అప్పటిదాకా చేనివైపు పశువును తోలరు. ఇది ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలు తప్ప అందరికీ తెలిసిన సంగతి.

నిన్న సాయంత్రం ఊళ్లో వాన పడింది. వాకిలి తడిసింది, చూరు ధారకట్టింది. సైదమ్మ నాము విరిగిందనుకుంది. గడ్డివాము అడుగంటి పదిహేను రోజులైంది. పుల్లెద్దు పక్కటెముకలు గుడిసె వాసాల్లా లేచి కనబడుతున్నాయి. జోడైన మైలెద్దు గిట్ట నొప్పితో కొట్టంలోనే ఉంది. పెనిమిటి పెద్దులు నాగటి కర్రు సాన పట్టించడానికి కమ్మరి కొలిమికి పోయాడు. ఆయన వచ్చేలోపు ఎద్దు కడుపు నింపుదామని చేనికి తోలుకొచ్చింది.

ఎద్దు ఆబగా మేస్తుంటే ఊరికే నిలబడి కాలి బొటనవేలితో నేలను గీరింది. పైన ఒక పొర తడి. దాని కింద బూడిదలాంటి దుబ్బ. ఊరి మీద పడ్డ వాన చేని మీద అంతగా పడలేదు. సైదమ్మ గబాలున పలుపు అందుకుని ఎద్దును ఈడ్చుకుంటూ చేని హద్దు గెట్టు దాకా తెచ్చింది. అక్కడే అది కూలబడింది.

గెట్టుకు అవతల గాలయ్య కందిచేను.

కర్రు భుజాన వేసుకుని పాట పాడుకుంటూ వస్తున్న పెద్దులు, దూరం నుంచే పడి ఉన్న ఎర్రటి ఒళ్లు చూశాడు. పాట ఆగిపోయింది. ఉరికొచ్చి ఎద్దు ముట్టె దగ్గర చెయ్యి పెట్టాడు. కన్ను తెరిచి చూశాడు.

"ఏమైందే?"

"పడ్డది... గిట్లనే పడ్డది."

"గిట్లనే పడ్తదా? ఏం మేసింది?"

నాము అనే మాట సైదమ్మ నాలుక మీదికి వచ్చింది. పోయిన ఎండాకాలం దూడ తాడు తెంపుకుని బర్రె పాలన్నీ తాగితే, పెద్దులు ఆమెను ముల్లుగర్రతో కొట్టాడు. కర్ర కొసన ఉన్న మేకు దిగిన మచ్చ భుజం మీద ఇంకా నల్లగానే ఉంది. అది ఒక పూట పాలకు. ఈ ఎద్దును దేవరకొండ అంగడిలో కోడెదూడగా ఉన్నప్పుడు కొని, రెండు రోజులు నడిపించుకొచ్చాడు. చలికాలం తన గొంగడి తీసి దాని మీద కప్పాడు. నిజం చెబితే ఈ పొలంలో రెండు పీనుగలు లేస్తాయనుకుంది.

"ఏమో," అంది.

పెద్దులు గెట్టు అవతలికి చూశాడు. నాలుగు రోజుల కింద పుల్లెద్దు గెట్టు దాటి కంది మేస్తే, గాలయ్య దాన్ని వాతలు తేలేటట్టు కొట్టి, "ఇంకోపాలి గీ గెట్టు దాటిందా, మల్ల ఇంటికి రాదు సూస్కో తమ్మీ," అన్నాడు. గాలయ్య పెద్దులుకు పెదనాయన కొడుకు.

"మందు పెట్టిండు లంజకొడుకు," అన్నాడు పెద్దులు మెల్లగా. కర్రు చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో, ఆగు! బావ గసువంటోడు గాదు!" సైదమ్మ వెంట ఉరికింది. ఆ మాటైతే గొంతులోంచి వచ్చింది గానీ అసలు మాట రాలేదు.

గాలయ్య తన బావి దగ్గర మోట కొడుతున్నాడు. రెండు తెల్లటి ఎడ్లు మోకు లాగుతూ వాలులోకి దిగుతున్నాయి. మోట మీదికి లేచి నీళ్లు కాల్వలో పడుతున్న చప్పుడుకు అడుగుల చప్పుడు వినబడలేదు. ఆఖరు క్షణంలో తిరిగి చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. కర్రు ఆ చేతి మీద పడింది. మూడు వేళ్లు నలిగి వేలాడాయి.

"ఏందిరా పెద్దులూ! ఎందుకురా!"

"నా ఎద్దుకేం పెట్టినవురా? చెప్పు! గన్నేరు కాయనా, గురిగింజ ఇసం సూదా?"

"నీ ఎద్దును నేను సూసి నాలుగు దినాలాయె! అమ్మతోడు!"

పెద్దులు డొక్కలో తన్నాడు. పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి, మోట గుంజకు తలను బాదాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారింది. సొర తీగ దగ్గరున్న గాలయ్య పెండ్లాం అమృతమ్మ కేకలు వేస్తూ వచ్చి పెద్దులు చెయ్యి కొరికింది. ఆమెను విసిరికొడితే కాల్వలో పడింది. తలపాగా విప్పి గాలయ్యను గుంజకు కట్టేశాడు.

చుట్టుపక్కల చేన్లలోని జనం పోగయ్యారు. ఊరి పెద్దమనిషి మారయ్య కర్ర ఊపుతూ ముందుకొచ్చాడు.

"అరే, మనిషివా పసురానివా? మందో మాకో కడుపు కోస్తె తెల్వదా? గుర్వయ్యను పిలువుండ్రి, ఎద్దు పొట్ట కోయిస్తం."

చచ్చిన గొడ్లను కోసి తోలు తీసే గుర్వయ్య కత్తి దిగితే, బయటపడేదేమిటో సైదమ్మకు కనబడుతూనే ఉంది.

"కోసేది కోస్తరు," అన్నాడు పెద్దులు. "గంతల్నే నా ఎద్దుకు ఎద్దు పోవాలె." గాలయ్య గొడ్డలి అందుకుని మోట ఎడ్ల మీదికి పోయాడు. కాడి కింద ఉన్న ఎడ్లు ఎటు పోతాయి? మొదటి దెబ్బ తెల్లెద్దు తొడ మీద పడింది. అది రంకె వేసి ఎగిరింది, కాడి విరిగేటట్టు. రెండో ఎద్దు కళ్లు తేలేసింది. గుంజకున్న గాలయ్య తన వేళ్ల కోసం ఏడవనివాడు ఎద్దు కోసం ఏడ్చాడు.

"తమ్మీ, నన్ను నరుకురా! నోరు లేనిదాన్ని ఇడిసిపెట్టు!"

ఆ కేక వినీ వినంగానే సైదమ్మ ఉరికి, గొడ్డలికీ ఎద్దుకూ మధ్యన నిలబడింది.

"నేనే మేపిన! నాము పిలకలు మేపిన! నిన్నటి వానకు ఇరిగిందనుకున్న!"

గొడ్డలి గాలిలో ఆగింది.

"ఏమన్నవు?"

"నా చేతులతోనే తోలిన. బావకేం తెల్వదు. గుర్వయ్య కోస్తడు గద, సూడు. పొట్టల పచ్చగ ఉంటది."

"గింతసేపు ఏం జేసినవే? నోట్ల మన్ను వోసుకున్నవా?"

"నీకు బయపడ్డ," అంది సైదమ్మ. జనమంతా విన్నారు.

పెద్దులు గొడ్డలి తిరగేశాడు. దాని కర్ర కామ ఆమె కుడిచేతి మీద పడ్డప్పుడు ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. రెండోది వీపు మీద. మూడోది పడకముందే మారయ్య, ఇంకో నలుగురు అతని మీద పడి మట్టిలోకి తొక్కిపట్టారు. అతని నోట్లోకి మట్టి పోయింది. అయినా తిడుతూనే ఉన్నాడు. ఎవరిని తిడుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

గుర్వయ్య వచ్చి ఎద్దు పక్కన కూచున్నాడు. కత్తి ఒక్కసారే లాగాడు. బుస్సుమని గాలి వెళ్లి, వెనకే జొన్న పిలకలు ముద్దలు ముద్దలుగా జారాయి. ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"నామే పటేలా," అన్నాడు. "మందు గాదు, మాకు గాదు."

పట్టుకున్నవాళ్లు వదిలాక పెద్దులు వచ్చి, ఆ పచ్చటి ముద్దను చేతిలోకి తీసుకుని చూశాడు.

మారయ్య అక్కడే తీర్పు చెప్పాడు. గాలయ్య చెయ్యి మానేదాకా పెద్దులు అతని మోట కొట్టాలి, అతని చేను దున్నాలి, తెల్లెద్దు గాయానికి పసుపు, వేపనూనె తానే పెట్టాలి. అంతే. సైదమ్మ చేతి మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరో వెనక నుంచి ఎత్తబోతే, "గది వాండ్లింటి ముచ్చట," అని మారయ్య తలపాగా దులుపుకుని లేచాడు.

సాయంత్రం అమృతమ్మ వెదురు దబ్బలు, పాతచీర పేలికలు పట్టుకుని వచ్చింది. కూచుని చెయ్యి సరిచేసి కట్టు కట్టింది.

"ముందుగాల్నే చెప్తె మా ఆయినకు వేళ్లుండేటియి చెల్లె."

"ఉండేటియి అక్కా."

అమృతమ్మ చివరి ముడి కావాలనే గట్టిగా గుంజింది. సైదమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అరవలేదు. ఆ ముడి న్యాయమేననుకుంది.

మూడో రోజు నిజమైన వాన వచ్చింది. రెండు పూటలు దంచి కొట్టి వెలిసింది. ఇంకో నాలుగు రోజులకు, గాలయ్య మోట కొట్టి వచ్చిన పెద్దులు గిట్ట నొప్పి తగ్గిన మైలెద్దును పట్టుకుని జొన్నచేని గెట్టు మీద నిలబడ్డాడు. పిలకలు జానెడు సాగి గాలికి ఊగుతున్నాయి. ఎద్దు ముట్టె చాపి లాగుతోంది. అతను పలుపు రెండు చుట్లు చేతికి చుట్టుకుని ఆపుతున్నాడు. సైదమ్మ ఎడమచేత్తో పొయ్యిలోకి పుల్లలు ఏరుకుంటూ అటే పోతోంది.

"మేపొచ్చునా?" అన్నాడు. దెబ్బ కొట్టిన రోజు తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

సైదమ్మ ఆగింది. చేనిని చూసింది. నాము విరిగిందని ఆకు రంగే చెబుతోంది. మేపు అనడం ఎంతసేపు? కానీ ఆ మాట మళ్లీ ఆమె మెడకు చుట్టుకుంటుంది.

"నాకేం ఎరుక? తవ్వి సూస్కో," అంది.

ఎడమచెయ్యి చాపి పలుపు అందుకుంది. పెద్దులు ఒక క్షణం ఆమె కట్టు వంక చూశాడు. తర్వాత చేనిలోకి దిగి, మోకాళ్ల మీద కూచుని, వేళ్లతో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. చెయ్యి మోచేతి దాకా తడిలోకే దిగింది. అయినా తవ్వుతూనే ఉన్నాడు. ఆమె చాలు అనలేదు.