తొలిచూలు రొద

షగుఫ్తా పురిటికి పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచి, కరెంటు పోయినా వన్‌టౌన్‌లోని ఆ సందులో రొద ఆగడం లేదు. మధ్యాహ్నం ఫ్యాన్లన్నీ ఆగిపోగానే పక్కింటి టైలర్ యాసిన్ గోడ మీంచి తొంగిచూస్తాడు.

"కరెంటొచ్చేసిందేటమ్మా?"

"లేదు చాచా, నానే."

"సర్లే" అని మళ్లీ విసనకర్ర అందుకుంటాడు.

షగుఫ్తా ఒళ్లు ట్రాన్స్‌ఫార్మర్‌లా జుమ్మని మోగుతుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అంతే. తండ్రి ఖయ్యూంది పాత సామాన్ల కొట్టు. కాలం చెల్లిన ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి రాగి తీగ అమ్మేవాడు. అడుగున మిగిలిన నూనె డబ్బాకెత్తి ఇంటికి తెచ్చేవాడు. మోకాళ్ల నొప్పులకి మంచిదని తల్లి బీబీజాన్ పెళ్లైన దగ్గర్నుంచి ఆరేళ్లు రాసుకుంది. ఆ నూనె చెమటలో పోయేది కాదు, ఒంటేలులో పోయేది కాదు. కొవ్వు చూసుకుని కాపురం పెట్టేసింది. బీబీజాన్ మోగడం మొదలెట్టింది. రంజాన్ ఉపవాసాలకి కొవ్వు కరిగి నూనె నెత్తుట్లోకి దిగితే, ఇఫ్తార్ వేళకి ఇంట్లో గిన్నెలు కూడా అదిరేవి.

ఏళ్ల తరబడి రవ్వంత కూడా తగ్గని ఆ నూనెకి చివరికి ఒక దారి దొరికింది. పాలు. షగుఫ్తా రెండేళ్లు తాగింది, తల్లి రొదంతా తాగేసింది. ఆ తర్వాత పుట్టిన మహీన్‌కి మిగిలింది ఒట్టి పాలు.

అక్కడే మండేది షగుఫ్తాకి. సిటీ బస్సుల్లో స్టాపుల పేర్లు చెప్పడానికి గొంతు కావాలంటే స్టూడియోకి ముందు వెళ్లింది తను. మైకు నిండా జుమ్మని రొద. "సారీ అమ్మా" అన్నారు. తోడు వచ్చిన చెల్లెలు ఊరికే ఒక ముక్క చదివింది. ఇప్పుడు పూర్ణా మార్కెట్ వచ్చిందని ఊరంతటికీ చెప్పేది మహీనే. షగుఫ్తా ఆటో ఎక్కుతుంది గానీ బస్సు ఎక్కదు.

పాప పుట్టింది. చెవి ఆనించి విన్నా ఏ రొదా లేదు. షగుఫ్తా పాలివ్వనంది.

డాక్టర్ అనూరాధ మందలించింది. "కొంత బిడ్డలోకి పోతుందమ్మా, నిజమే. తొలిచూలుకే ఎక్కువ పోతుంది. అయినా నీ పాలు చేసే మేలు అంతకంటే పెద్దది."

"మా అమ్మీ నాకు సేసింది నాను దీనికి సెయ్యను."

మహీన్ డబ్బాపాలు కలిపింది. పాప నోరు బిగించేసింది. మూడోరోజుకి బుగ్గలు లోపలికి పోయాయి, ఏడుపు పిల్లికూత అయింది. చెల్లెలు దాన్ని ఒళ్లో వేసుకుని ఊపుతుంటే షగుఫ్తా భగ్గుమంది.

"ఇలా తే. అన్నీ నీకేనా?"

"నువ్వివ్వవు, నన్ను పట్టనివ్వవు. ఏటి ఆపా, నీ గొడవ?"

"నీకేటే? నువ్వు తాగింది వడగట్టిన పాలు. ఆ వడగట్టిన గుడ్డని నాను!"

మహీన్ ఊపడం ఆపేసింది. "ఆ గుడ్డ పక్కనే పడుకునేది అమ్మీ. తన రొద పోయాక, నీది వినపడకపోతే నిద్రొచ్చేది కాదు. గోడవైపు ఎప్పుడూ నాను. ఒక్కరోజైనా ఇటు తిరిగిందేటి? నీ పెళ్లయ్యాక ఫ్రిజ్ పక్కకి చాప మార్చుకుంది గానీ, నా పక్కకి రాలేదు."

గుమ్మంలో నిలబడ్డ బీబీజాన్ కాదనలేదు.

 షగుఫ్తా చేతులు చాపి పాపని తీసుకుంది. చిన్న చెంప గుండెకి ఆనగానే ఏడుపు ఆగిపోయింది. తొమ్మిది నెలలు విన్న రొద కదా. నోరు తెరిచి వెతుక్కుంది. షగుఫ్తా ఇక ఆపలేదు.

పాప బొద్దుగా తయారైంది. ఏడాదికల్లా షగుఫ్తా ఒళ్లు దోమంత మోగుతోంది. మంచం కింద ఇంకా మిగిలున్న నూనె డబ్బా తీసి, మూత బిగించి తండ్రికిచ్చింది. "కాలవలో పొయ్యకు, అబ్బా. సేపల్లోంచి మళ్లీ మన కంచంలోకే వత్తాది." ఎక్కడ పొయ్యాలో తెలియక ఖయ్యూం దాన్ని కొట్లోనే దాచాడు.

యారాడ రూటు బస్సులకి గొంతు ఇప్పుడు షగుఫ్తాది. ఆ రోజు రికార్డింగ్ ముగించుకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం, కరెంటు లేదు.

"వచ్చేసిందేటమ్మా?" గోడ మీంచి యాసిన్.

"లేదు చాచా, పాప."

లోపల ఫ్రిజ్ పక్క చాప ఖాళీ. బీబీజాన్ మనవరాలి వైపు తిరిగి హాయిగా నిద్రపోతోంది. కడుపున పుట్టిన బిడ్డ మీదే షగుఫ్తాకి కడుపు మండింది. అవతలి పక్క, పాప పొట్టకి చెవి ఆనించి మహీన్.

"జరుగు."

"నాను ముందొచ్చాను."

"ఎప్పుడూ ముందొచ్చింది నానే."

మహీన్ జానెడు జరిగింది.