పెద్దకూర చిల్లీ

చిల్లీ ఉడికేటప్పుడు ఇంట్లో ఎవరూ ఉండకూడదని నా లెక్క. సాత్విక వాళ్లమ్మను షాపింగ్‌కు తీసుకెళ్లింది, సాయంత్రం దాకా రామంది. రేపు మా ఆఫీసులో పాట్‌లక్. అందరూ ఇంట్లో చిల్లీ వండి తేవాలి, బాగా కుదిరినవాళ్లకు బహుమతి. చిల్లీ అంటే రాజ్మా వేసి చేసే ఇక్కడివాళ్ల కీమా కూర. బీఫ్ కీమా, రాజ్మా, టమాటా, జీలకర్ర పొడి అన్నీ ఇక్కడివే. కారం మాత్రం మా అమ్మ కొట్టించి పంపింది. రేపు ఆఫీసంతా ముక్కులు చీదకపోతే నా పేరు ధరణే కాదు.

దేశంకాని దేశంలో, నార్త్ యార్క్‌లోని ఈ అపార్ట్‌మెంట్ లీజు సాత్విక పేరు మీదుంది. అందులో ఒక గది నాది. సాత్విక గుంటూరు పిల్ల, బంగారంలాంటిది. వాళ్లమ్మ సరోజన ఆంటీ ఊరి నుంచి వచ్చి దిగిన దగ్గర్నుంచీ నాకు ఊపిరాడటం లేదు. ఇంటిపేరేంటి, నాన్నగారేం చేస్తారు, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు... అన్నీ అడుగుతుంది, అసలుది తప్ప. ఈ వంట ఆవిడ కంటపడిందా, నా గది ఊడినట్టే. చలికాలం నడిమధ్య ఈ ఊళ్లో ఇంకో గది దొరకడమంటే మాటలా!

సన్నటి మంట మీద మూతపెట్టి స్నానానికి వెళ్లాను. అదే కొంప ముంచింది. తలకు టవల్ చుట్టుకుని బయటికి వచ్చేసరికి ఆంటీ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో అన్నం. అన్నం మీద నా చిల్లీ.

"కాళ్లు పీకేస్తుంటే వచ్చేశామమ్మా. సాత్విక కారు పెట్టొస్తోంది. ఒకటే ఆకలి! రాజ్మాలో కీమా వేశావా? వాసన అదిరిపోయిందనుకో," అంటూ ఆవిడ అన్నం కలుపుతోంది.

చికెనూ మటనూ తినే మనిషే. తెలుగుపిల్ల కీమా వండిందంటే మటనే అనుకుంది. ఇంకోటి అయి ఉండొచ్చని ఆవిడ ఊహకే రాలేదు.

నోరు మూసుకో ధరణీ, తిననీ, ఎవరికి తెలుస్తుంది అనిపించింది. నిజంగానే అనిపించింది. ఆవిడ ముద్ద చేసి ఎత్తింది. నా తిండి నేను దాచుకోవచ్చు గానీ, తెలిసి తెలిసి ఆవిడ నోట్లోకి వెళ్లనిస్తానా?

"ఆంటీ, ఆగండి! అది బీఫ్!"

ముద్ద జారి పళ్లెంలో పడింది. ఆవిడ లేచి సింకు దగ్గర సబ్బుతో చెయ్యి కడిగింది. మళ్లీ కడిగింది. నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ మెల్లగా అడిగింది.

"మీరేవిట్లమ్మా?"

ఒళ్లు మండిపోయింది.

"మాదిగోళ్లం ఆంటీ. మా ఇంట్ల దీన్ని పెద్దకూర అంటరు. మా నాయనమ్మ చింతచిగురేసి వండితే వాడంతా గిన్నెలు పట్టుకొని వచ్చేటోళ్లు."

అప్పటికే సాత్విక సంచులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట వినేసిందని మొహం చూస్తేనే తెలిసింది.

"ఈ నెలాఖరుకి వేరే గది చూసుకోమని చెప్పు," అంది ఆంటీ. నాతో కాదు, కూతురితో. నేను ఎదురుగా ఉండగానే.

ఏడుపు తన్నుకొచ్చింది. ఈవిడ ముందు ఏడుస్తానా, చస్తే ఏడవను. పళ్లెం తెచ్చి, చిల్లీ వడ్డించుకుని, అదే టేబుల్ దగ్గర కూర్చుని ఒక ముద్ద తిన్నాను. ఉప్పు చాల్లేదు. లేస్తే మళ్లీ ఇక్కడ కూర్చునే ధైర్యం ఉండదు.

"సాత్వికా, జర ఉప్పు ఇయ్యవే," అన్నాను.

సాత్విక సంచులు దించి ఉప్పు డబ్బా తీసింది. ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయని మా ఇంట్లో ఎంత నమ్మకమో వాళ్లింట్లోనూ అంతే.

"చేతికివ్వకే! అక్కడ పెట్టు. గొడవలొస్తాయి," అని ఆంటీ కేక వేసింది.

సాత్విక నా ఎడమచెయ్యి పట్టుకుని, డబ్బా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"రానీ అమ్మా," అంది.