ముళ్లకంచె వెనక నాలుగు కక్కసులు

మిట్టమధ్యాహ్నం వచ్చారు. దొంగలైతే చీకటి కోసం కాచుకునేవాళ్లు. చేతిలో తుపాకీ, వెనక రాజ్యం ఉన్నవాడికి చీకటితో పనేముంది?

ఖలఫ్ కూతురు రబీహ పెరట్లో మట్టిపొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. మోచేతుల దాకా పిండి. మొగుడు ముత్లక్ ఇల్లు వదిలి నెలయింది. ఎక్కడికి పోతున్నాడో, ఎవరితో కలిశాడో చెప్పి పోలేదు. అందుకే ఖలఫ్ కూతుర్ని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఖర్జూరపు తోట చివర, ఊరికి దూరంగా ఒంటరి ఇల్లు.

పరాయి దేశపు సైనికులు తలుపు తట్టలేదు. మట్టిగోడని బండితో గుద్ది లోపలికొచ్చారు. మొహానికి ముసుగు కట్టుకున్న దుబాసీ ముందు నిలబడ్డాడు.

"ముత్లక్ ఎక్కడ?"

"నెలయింది మొహం చూసి," అంది రబీహ. "మీకు కనపడితే ఇంటికి పంపండి. నేనూ నాలుగు చివాట్లు పెట్టాలి."

ఒక సైనికుడు ఆమె జబ్బ పట్టి ఈడ్చాడు. అడ్డం వెళ్లిన ఖలఫ్ మూతి మీద తుపాకీ మడమ పడింది. రెండు పళ్లు ఊడి దుమ్ములో పడ్డాయి. ఇంకొకడు మెడ మీద మోకాలు పెట్టి తొక్కాడు. ఆ మోకాలి కింద నుంచే ఖలఫ్ చూశాడు: పిండి ఆరీ ఆరని మణికట్లకి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. తలగుడ్డ జారిపోతుంటే చేతుల్లేక ఆ పిల్ల దాన్ని పళ్లతో పట్టుకుంది. అట్లాగే బండిలోకి విసిరేశారు.

పోతూ పోతూ గుమ్మానికి ఒక కాగితం అంటించారు. "నీ భార్య మా దగ్గర ఉంది. నువ్వొస్తే ఆమె వస్తుంది."

పొయ్యిలో రొట్టెలు మాడి పొగ లేస్తోంది. ఖలఫ్ లేచాడు. బండి వెనక పరిగెత్తలేదు. మూతి మీద రక్తం తుడుచుకోలేదు. ముందు ఆ కాగితం చింపాడు. ముక్కలు పొయ్యిలో వేశాడు. ఊళ్లో ఎవరూ చూడకూడదు, అంతే.

మర్నాడు అడిగినవాళ్లకి, "మా మేనత్తకి ఒంట్లో బాగాలేదంట. మా పిల్లని సమర్రా పంపాం," అని చెప్పాడు. రబీహ పేరు కూడా ఎత్తలేదు, "మా పిల్ల" అన్నాడు. మగవాళ్ల మధ్య ఇంటి ఆడదాని పేరు ఎవడూ ఎత్తడు. పళ్లు ఏమయ్యాయంటే లారీ జాకీ తగిలిందన్నాడు.

నిజం చెప్పింది ఒక్క అన్నకే. మర్జూక్ విని, టీ గ్లాసు కింద పెట్టి, నడుం దగ్గర పిస్తోలు సర్దుకున్నాడు.

"పరాయి మగాళ్ల క్యాంపులో తెల్లారింది దానికి. వదిలిన రోజు నాకు కబురు పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

ఖలఫ్ మాట్లాడలేదు. ఆ మౌనానికి ఆయన చచ్చేదాకా సిగ్గుపడాలి, పడతాడు కూడా. పట్టుకుపోయినవాడు ఒకడు, తిరిగొస్తే చంపడానికి కూచున్నవాడు ఇంకొకడు. మధ్యలో తండ్రి బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాడు.

పని మాత్రం మానలేదు. ఆ పని ఆ క్యాంపులోనే. నదిగట్టున రెండువేల మంది సైనికుల క్యాంపు. వాళ్ల ప్లాస్టిక్ కక్కసులన్నీ గొట్టాలు పెట్టి లాగి, ట్యాంకర్లలో నింపి, ఎడారిలో పారబోసేది మా ఊరివాళ్లే. పదకొండు ట్యాంకర్లు, పదకొండు మంది డ్రైవర్లు. కాంట్రాక్టు హాజీ దర్వీష్‌ది. ఈ సైన్యం కూలదోసిన పాత దొర ఉన్నప్పుడు ఏ జేబుకి పార్టీ బ్యాడ్జి పెట్టుకున్నాడో, ఇప్పుడు అదే జేబుకి క్యాంపు బ్యాడ్జి తగిలించుకున్నాడు. జేబు ఒకటే, జెండాలే మారాయి.

హాజీ మూడో రోజు ఖలఫ్‌ని పక్కకి పిలిచాడు. "నాకు అంతా తెలుసు. కెప్టెన్‌తో మాట్లాడుతున్నా. పండగ లోపల విడిపిస్తా. నోరు మూసుకుని పని చేసుకో. బయటికి పొక్కితే పోయేది నీ పరువే, నాది కాదు."

ఖలఫ్ వాడి చెయ్యి కళ్లకద్దుకున్నాడు.

ఆ వారం వంతు ప్రకారం ఉత్తరం మూల పని పడింది. ఇసుకబస్తాల గోడ వెనక కొత్త గుడారం, దాని చుట్టూ ముళ్లకంచె, పక్కనే కొత్తగా పెట్టిన నాలుగు కక్కసు డబ్బాలు. అటు చూడొద్దని కాపలావాడు తుపాకీతో సైగ చేశాడు. ఖలఫ్ చూడలేదు. గొట్టం దింపి మోటారు వేశాడు. నాలుగూ అంచుల దాకా నిండి ఉన్నాయి. రెండ్రోజుల కిందటే ఇంకో డ్రైవరు జస్సాం ఇవే ఖాళీ చేశాడని తెలుసు.

మనిషి నోరు అబద్ధమాడుతుంది. కక్కసు ఆడదు. ఇరవయ్యేళ్లుగా అదే పని చేసినవాడికి డబ్బా చూస్తే ఎంతమంది కూచున్నారో తెలుస్తుంది. నాలుగు డబ్బాలు రెండ్రోజుల్లో నిండాలంటే పాతికా ముప్పై మంది ఉండాలి. పట్టుకుపోయింది తన కూతురు ఒక్కదాన్నే అనుకున్నాడు ఖలఫ్ ఇన్నాళ్లూ.

దారి పొడవునా ఆలోచించాడు. తోటి డ్రైవరు ఫాదిల్ వాళ్లమ్మ మోకాళ్ల నొప్పికి బాగ్దాద్ ఆసుపత్రిలో ఉందట. ఇంకొకడి పెళ్లాం పుట్టింట్లో ఉందట. మరొకడి చెల్లెలు చుట్టాలింటికి కాన్పు చెయ్యడానికి పోయిందట. బాగ్దాద్ దాకా అయిదు చెక్‌పోస్టులు, రోడ్డంతా బాంబులు. ఇట్లాంటి రోజుల్లో మా ఊరి ఆడవాళ్లందరికీ ఒక్కసారే చుట్టాలు గుర్తొచ్చారా?

తెల్లవారి ట్యాంకర్లు నిలిపే షెడ్డులో అందరూ టీ తాగుతున్నారు. ఖలఫ్ నిలబడే అడిగాడు.

"ఆ ఉత్తరం మూల నాలుగు డబ్బాలు ఎవరికోసం?"

"ఆడ సైనికులకేమో," అన్నాడు ఫాదిల్, గ్లాసులోకి చూస్తూ.

"ఆడ సైనికుల చుట్టూ ముళ్లు లోపలికి వంచి కంచె వేస్తారా?"

 పెద్దవాడు జస్సాం, అరవై దాటినవాడు, చెంచాతో చక్కెర కలపడం ఆపాడు.

"నా కూతురు సమర్రాలో లేదు," అన్నాడు ఖలఫ్. "ఆ గుడారంలో ఉంది. దాని పేరు రబీహ."

బట్టలు విప్పి నిలబడ్డవాణ్ని చూసినట్టు అందరూ తలలు దించుకున్నారు. ఇరవయ్యేళ్లుగా ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు, ఆ పేరు ఒక్కడికీ తెలీదు.

"మళ్లీ చెప్పు," అన్నాడు జస్సాం.

"రబీహ."

ఫాదిల్ గ్లాసు నేలకేసి కొట్టాడు. "మా అమ్మ సబ్రియా. యాభై తొమ్మిదేళ్లు. మా తమ్ముడి కోసం పట్టుకుపోయారు. పదకొండు రోజులయింది. ఆసుపత్రి లేదు, గాడిద గుడ్డూ లేదు."

ఆ తర్వాత ఆగలేదు. తర్ఫా, నా భార్య. మునీఫా, నా చెల్లెలు. ఒకడు పేరు చెప్పలేక చెయ్యి కొరుక్కుని ఏడ్చాడు, తర్వాత చెప్పాడు. పదకొండు మందిలో ఏడుగురి ఆడవాళ్లు లోపలే. ఏడుగురికీ హాజీ చెప్పింది అదే మాట: పండగ లోపల విడిపిస్తా, నోరు మూసుకో.

"వాడు మన సిగ్గుని కాంట్రాక్టు తీసుకున్నాడురా," అన్నాడు జస్సాం.

"అయితే ఏం చేద్దాం పెద్దయ్యా? తుపాకులున్నాయా మన దగ్గర?" అన్నాడు ఒకడు.

"వాళ్ల దగ్గర హెలికాప్టర్లున్నాయి, ట్యాంకులున్నాయి. వాళ్ల పెంట ఎత్తేవాడు మాత్రం మన దగ్గరే ఉన్నాడు. రేపట్నుంచి ఎత్తొద్దు."

"నీకు లోపల ఎవరూ లేరు కదా. నీకెందుకు?"

"లేకపోతే నేను పంపు తిప్పాలా? ఏం మాటరా అది?" జస్సాం లేచాడు. "ఇంకో మాట. ఆ ఆడవాళ్లు తిరిగొచ్చాక పరువని ఎవడైనా చెయ్యెత్తితే, ముందు నా శవం దాటి పోవాలి. మీ అన్న ఎట్లాంటివాడో నాకు తెలుసు, ఆయనకి కూడా చెప్పు ఖలఫ్."

ఆ పూటే పంపుల బెల్టులు ఊడదీసి దాచేశారు.

జూలై ఎండ. రెండో రోజుకి క్యాంపు కక్కసులు పొంగాయి. మూడో రోజు గాలి తిరిగితే ఊరి దాకా వాసన కొట్టింది. నాలుగో రోజు హాజీ పక్క ఊరి డ్రైవర్లని అయిదుగుర్ని తెచ్చాడు. షెడ్డు ముందు ఖలఫ్ వాళ్లకి అడ్డం నిలబడి ఏడు పేర్లూ చదివాడు. వాళ్లలో పెద్దవాడు బండి ఇంజను ఆపేశాడు. "మా ఊరి నుంచి కూడా ముగ్గురు పోయారు," అన్నాడు. "చుట్టాలింటికని చెప్పుకుంటున్నాం." బళ్లు వెనక్కి తిరిగాయి. హాజీ తుపాకీ తీశాడు గాని, పదకొండు మంది చేతుల్లో పదకొండు ఇనప రెంచీలు చూసి మళ్లీ పెట్టుకున్నాడు.

అయిదో రోజు సైనికులే వచ్చారు. అందర్నీ గోడకి తిప్పి, మోకాళ్ల వెనక తన్ని కూలేశారు. ఫాదిల్ చెయ్యి రాతి మీద పెట్టి తుపాకీ మడమతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినపడింది. కెప్టెన్ అంటుంటే దుబాసీ చెప్పాడు: "దాక్కున్న మగాళ్లని తెచ్చివ్వండి. ఆడవాళ్లు ఇంటికొస్తారు."

"మీరు యుద్ధానికొచ్చారా, తాకట్టు కొట్టు పెట్టారా?" అన్నాడు జస్సాం.

దుబాసీ ఆ మాట వాళ్ల భాషలో చెప్పలేదనుకుంటా, అయినా కెప్టెన్‌కి అర్థమైంది. బూటుతో జస్సాం మొహం మీద తన్నాడు. ముసలాయన రక్తం ఉమ్మి, "ఇదీ జవాబే," అన్నాడు.

వాళ్లు పోయాక ఎవరూ ఇంటికి పోలేదు. బెల్టులు తెచ్చి బిగించారు. ఎడారి గుంతల్లో పారబోసిన క్యాంపు పెంటా, ఊళ్లో ఉన్న ప్రతి గుంతా లాగి పదకొండు ట్యాంకర్లూ నింపారు. విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని ఫాదిల్ ఒంటి చేత్తో బండి నడిపాడు. మర్నాడు పొద్దెక్కేసరికి క్యాంపు గేటు ముందు పదకొండూ అడ్డంగా నిలబడ్డాయి. వెనక నడిచి ఊరు వచ్చింది. నల్లటి అబాయాలు తొడుక్కున్న ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఆ వరసలో మా ఊరు ఎప్పుడూ నడవలేదు.

లౌడ్‌స్పీకరు వెనక్కి పొమ్మంది. గాలిలో కాల్చారు. జనం కదల్లేదు. అప్పుడు జస్సాం బండి దిగి, తీరిగ్గా వెనక్కి నడిచి, వాల్వు మీద రెండు చేతులూ వేశాడు.

"పెద్దయ్యా, వద్దు," అన్నాడు ఖలఫ్.

"వాళ్లదే కదరా. కొంత ఊరిదీ కలిసింది, అంతే."

తిప్పాడు. నల్లగా, చిక్కగా, బుడబుడమంటూ గేటు కిందనుంచి లోపలికి పారింది. బస్తాల మీదికి, బూట్ల మీదికి పారింది. ఒక సైనికుడు జారి అందులోనే పడ్డాడు. జనంలోంచి ఒక్కసారి నవ్వు లేచింది. ఆ నవ్వు మీదే మరతుపాకీ పేలింది.

జస్సాం ఛాతీలో నాలుగు గుళ్లు. చేతులు వాల్వుని వదల్లేదు, దానికి వేళ్లాడి మెల్లగా కిందికి జారాడు. పక్కన ఇంకో ఇద్దరు డ్రైవర్లు కాళ్లకి గుళ్లు తగిలి కూలారు. ఖలఫ్ పాక్కుంటూ వెళ్లేసరికి గేటు తెరుచుకుంది. నలుగురు సైనికులు జస్సాం కాళ్లు పట్టుకుని ఆ పెంటలోంచే లోపలికి ఈడ్చుకుపోయారు.

మధ్యాహ్నం గడిచింది. పొద్దు వాలుతోంది. చచ్చినవాణ్ని ఆ పొద్దు గుంకేలోపల మట్టిలో పెట్టాలి. అది తప్పితే మా దగ్గర మొహమెత్తుకోలేరు. ఆ సంగతి క్యాంపుకి ఎవరు చెప్పి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. దుబాసీ గొంతు లౌడ్‌స్పీకరులో వచ్చింది: "లారీలు తియ్యండి. రేపట్నుంచి పనిలోకొస్తామని చెప్పండి. శవాన్ని తీసుకుపోండి."

హాజీ దర్వీష్ జస్సాం భార్య హుస్నియా ముందు వంగాడు. "అక్కా, దేవుడి మొహం చూడు. ముసలాయన అట్లా ఎండలో పడుంటే పాపం నీకూ నాకూ చుట్టుకుంటుంది. నువ్వు ఒక్కమాటంటే వీళ్లు బళ్లు తీస్తారు."

అందరూ ఆమెనే చూశారు. ఆమె తియ్యమంటే తీసేవాళ్లే. ఖలఫ్ కూడా తాళంచెవి చేతిలో పట్టుకునే ఉన్నాడు. కూతురికోసం ఇంకొకామె మొగుణ్ని మట్టికి దూరం చేసే హక్కు తనకెక్కడిది?

హుస్నియా చెప్పులు విడిచింది. ఆ పెంటలో మడమల దాకా దిగి గేటు దాకా నడిచింది. ఇనప కడ్డీ పట్టుకుని, దుబాసీకి వినపడేంత గొంతుతోనే చెప్పింది.

"నాయనా, మీ కెప్టెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పు. మా బతికున్నవాళ్లు మీ దగ్గర ముప్పై మంది ఉన్నారు. ఇప్పుడు చచ్చినవాడూ చేరాడు. చచ్చినవాడికి తొందర లేదు. ముందు ఆడపిల్లల్ని పంపండి. మా ఆయన అందరికంటే చివర వస్తాడు."

వెనక్కి వచ్చి, ట్యాంకరు చక్రానికి ఆనుకుని కూచుంది. పక్కన ఫాదిల్ చెల్లెళ్లు కూచున్నారు. తర్వాత వరసలు వరసలుగా అందరూ కూచున్నారు.

హాజీ తన కారు వైపు నడిచాడు. ఎవరూ దారివ్వలేదు. పక్కకి తిరిగి పొలాలకి అడ్డం పడి పోయాడు.

మర్జూక్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఈసారి ఖలఫ్ అన్నతో తమ్ముడిలా మాట్లాడలేదు.

"కూచుంటే కూచో. రబీహ బయటికొస్తే ఇంతమంది ముందు 'రా తల్లీ' అని పిలవాలి నువ్వు. లేకపోతే ఇప్పుడే పో. మళ్లీ నా గడప తొక్కొద్దు."

మర్జూక్ చాలాసేపు గేటు వైపు చూశాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని, ముసలివాడిలా మెల్లగా నేల మీద కూచున్నాడు.

నది వైపు నుంచి క్యాంపుకి మంచినీళ్లు తెచ్చే లారీలు వచ్చాయి. ఆరు బళ్లు. ముందు బండివాడు దిగి, కూచున్న జనాన్ని, నేల మీది రక్తాన్ని చూశాడు. ఏమీ అడగలేదు. ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెనక అయిదు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి.

బురుజు మీద కాపలావాడు మరతుపాకీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు.

పొద్దు గుంకింది. జస్సాంని పూడ్చాల్సిన వేళ దాటిపోయింది. ఒక్కరూ లేవలేదు.