నాకు పిల్లలు పదకొండుమంది

నా ఇంగ్లీషు మీద నాకున్న నమ్మకమే నా కొంప ముంచింది. భీమవరం దగ్గర ఒక మిషన్ బాలికల హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్ళు వార్డెన్‌గా చేశాను. అక్కడి నుంచి పై ఆఫీసుకు వెళ్ళిన ప్రతి ఉత్తరమూ నా చేతిరాతే. కుళాయి బాగు చేయించమని రాసినా సరే పేజీ నిండాల్సిందే, చివర ప్రభువు కృపను తలచుకోవాల్సిందే. అలాంటిదాన్ని పట్టుకుని మా అమ్మాయి షెర్లీ మూడు వాక్యాల ఉత్తరం టైపు చేసి, సంతకం పెట్టమంటే ఒళ్ళు మండదూ?

సంగతేమిటంటే, రిటైరయ్యాక, మా వారు పీటర్ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళాక, కెనడాలోని బ్రాంప్టన్‌లో షెర్లీ ఇంటికి వచ్చాను. పిల్లల దగ్గరికొచ్చే తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా అన్నారు. పేరు ఘనంగానే ఉంది గానీ నాకు రాసిచ్చిన గడువు రెండేళ్ళే. అది 2023 ఏప్రిల్‌తో తీరిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండనివ్వమని ఇక్కడి నుంచే అప్లై చేసుకోవచ్చు, జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉండొచ్చు కూడా. ఫారాలూ ఇన్సూరెన్సూ పాస్‌పోర్టు కాపీలూ అన్నీ షెర్లీయే సిద్ధం చేసింది. ఎందుకు ఉండదలచుకున్నామో చెబుతూ ఒక ఉత్తరం కూడా జత చేయాలట. "మా అమ్మాయితో మరికొంత కాలం గడపాలనుకుంటున్నాను. ఖర్చులన్నీ ఆమే చూసుకుంటుంది. గడువు తీరాక తిరిగి వెళ్ళిపోతాను." ఇదీ షెర్లీ రాసింది. మా రోజుల్లో టెలిగ్రాములు ఇంతకంటే నిండుగా ఉండేవి.

షెర్లీ ఆఫీసుకు వెళ్తూ, అన్నీ అప్‌లోడ్ చేసే పని వర్షిణికి అప్పగించింది. వర్షిణి మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న నలుగురు ఆడపిల్లల్లో ఒకతి. జగిత్యాల అమ్మాయి, కాలేజీలో చదువుతూ వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తోంది. నేను షెర్లీ కాగితాన్ని పక్కన పడేసి, తెల్లకాగితం తీసుకుని పేజీ నిండా నా ఉత్తరం నేను రాసుకున్నాను. వర్షిణి దాన్ని ఫోన్‌తో ఫోటో తీసింది.

"మేడమ్, అక్క చూసిందా దీన్ని?" అని అడిగింది.

"నేను చూశానుగా" అన్నాను. పంపేసింది.

నన్ను ఈ పిల్లలు మేడమ్ అనే పిలుస్తారు. మొదట్లో ఆంటీ అన్నారు. నేను పలకలేదు. మూడో రోజుకి దారికొచ్చారు.

ఆ రెండేళ్ళలో బ్రాంప్టన్‌కి మన పిల్లలు ఎంతమంది వచ్చిపడ్డారో చెప్పలేను. ఏ బస్సెక్కినా వెనక సీట్లో తెలుగే. కాలేజీ, షిఫ్టు, నిద్ర, మళ్ళీ షిఫ్టు. తిండి మాత్రం ఎవరికీ గుర్తుండదు. వచ్చిన కొత్తలో వర్షిణి మా మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దున ఏం తిన్నావే అంటే నిన్న చిప్స్ తిన్నానంది. ఆ ఆదివారం కోడికూర వండి నలుగురినీ పైకి పిలిచాను. తర్వాతి వారానికి పక్క వీధి నుంచి గోపీకృష్ణ, వాడి రూమ్మేట్లు కలిపి ఏడుగురు వచ్చారు. ఇక నాకు పాత ప్రాణం లేచొచ్చింది. ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోవాలి, లైన్లో నిలబడాలి, ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. గుడికి వెళ్ళేవాళ్ళయినా చర్చికి వచ్చేవాళ్ళయినా ప్రార్థన అయ్యేదాకా ముద్ద ముట్టకూడదు. చెప్పొద్దూ, రిటైరయ్యాక నేను అంత సంతోషంగా ఎన్నడూ లేను.

మే నెలలో ఒక శనివారం పొద్దున ఇమిగ్రేషన్ వాళ్ళ జవాబు వచ్చింది. అల్లుడు కెన్నీ లాప్‌టాప్ ముందేసుకుని చదివి, కాఫీ కప్పు కింద పెట్టి పగలబడి నవ్వాడు.

"అత్తయ్యగారూ, షెర్లీకి పదకొండుమంది తోబుట్టువులు ఉన్నారని పెళ్ళప్పుడు మాకెవరూ చెప్పలేదండీ."

కుటుంబ వివరాల ఫారంలో నాకు ఒక్కతే కూతురని ఉంది. ఉత్తరంలో మాత్రం బ్రాంప్టన్‌లో నాకు పదకొండుమంది పిల్లలున్నారని ఉంది. ఆ పదకొండుమంది పేర్లు, పుట్టిన తేదీలు పంపండి, లేదా ఈ తేడా ఎందుకొచ్చిందో ముప్పై రోజుల్లో వివరించండి. అదీ జవాబు.

"మా పిల్లలు అన్నాను. అందులో తప్పేముంది?" అన్నాను.

"తప్పు లేదండీ. కానీ వాళ్ళు మిస్‌రిప్రజెంటేషన్, అంటే కావాలనే అబద్ధం చెప్పాం అనుకుంటే కష్టం. ఐదేళ్ళు మళ్ళీ రానివ్వరు" అన్నాడు కెన్నీ. అప్పటికి వాడి నవ్వు పోయింది.

షెర్లీ నవ్వలేదు, భయపడనూ లేదు. ఫోటో తెరిచి నా ఉత్తరాన్ని మొదటి నుంచి పైకే చదివింది. వర్షిణి తినకుండా షిఫ్టుకి వెళ్తే పడిపోతుందని రాశాను. గోపీకృష్ణ ఫోన్ చేసి లేపితే తప్ప లేవడని రాశాను. వర్షిణితో పాటు కింద ఉండే ఇషితకి పరీక్షలంటే జ్వరం వస్తుందనీ, నేను పక్కన కూర్చుంటే గానీ చదవదనీ రాశాను. నేను లేకపోతే వీళ్ళు ఏమైపోతారని రాశాను. ప్రభువు కృప దాకా చదివి, షెర్లీ తలెత్తింది.

"ఇందులో నేనెక్కడ ఉన్నాను, మేడమ్?"

కెన్నీకి అర్థం కాలేదు. నాకు అయింది. ఇంట్లో నన్ను అమ్మా, నువ్వూ అనే పిల్ల అది. దానికి నిజంగా కోపమొస్తేనే నేను మేడమ్‌ని అవుతాను.

షెర్లీ మా హాస్టల్లోనే పెరిగింది. దానికి ఐదేళ్ళప్పుడు, వార్డెన్ కూతురికి కూరలో రెండు ముక్కలు ఎక్కువ పడుతున్నాయని, ఇదంతా పార్షియాలిటీ అని ఒక పిల్ల తల్లి అందరి ముందూ అంది. పార్షియాలిటీ అన్న మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ మర్నాటి నుంచి షెర్లీ కంచం పట్టుకుని లైన్లో చివర నిలబడాలి. అందరిలాగే నన్ను మేడమ్ అనాలి, మీరు అనాలి. పదో తరగతి అయ్యేదాకా అదే రూలు. గిన్నె అడుగున ఏది మిగిలితే అదే దానికి. ఒక్క రోజూ ఇది తక్కువైందని అడగలేదు. అడగలేదు కదా అని నేను గర్వపడ్డాను. ఎంత తెలివితక్కువదాన్నో ఆ శనివారం నాకు తెలిసింది.

"ఆ ఫారం చూశారా మేడమ్? పిల్లల కాలమ్‌లో నా పేరు ఒక్కటే ఉంది. అది నింపేటప్పుడు నాకెంత బాగా అనిపించిందో. ఈసారి ఉత్తరం మీరే రాయండి. నేను ముట్టుకోను" అని షెర్లీ గదిలోకి వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి వర్షిణి పైకి పరుగెత్తుకొచ్చింది.

"నాదే తప్పు మేడమ్, అక్కకి చూపియ్యకుండా పంపిన. మేం మీ పిల్లలం కాదని రాసెయ్యుండ్రి. మాకేం బాధ లేదు."

బాధ లేదంటూనే ముక్కు ఎగపీల్చింది. దాన్ని అక్కడే కూర్చోబెట్టి ముందు ఉప్మా పెట్టాను. తర్వాత కాగితం తీసుకున్నాను. వీళ్ళు నా పిల్లలు కారు అని ఇంగ్లీషులో రాయడానికి నాలుగు ముక్కలు చాలు. ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు రాసిన చెయ్యి ఆ నాలుగు ముక్కల దగ్గర మొరాయించింది. మూడు కాగితాలు చించాను. వాళ్ళు కారని రాయడం కాదు, నా బిడ్డ ఎవరో రాయాలని అప్పటికి బుర్రకి తట్టింది.

మర్నాడు షెర్లీ ముందు కాగితం పెట్టాను. ముట్టుకోనన్న మనిషి చేతిలోకి తీసుకుంది. నేను రాసింది ఇంతే:

"అయ్యా, మా భాషలో మేము అన్నం పెట్టేవాళ్ళందరినీ పిల్లలు అంటాము. ఆ పదకొండుమంది మా ఇంటికి భోజనానికి వచ్చే విద్యార్థులు. నేను కన్నది ఒక్క షెర్లీనే. పార్షియాలిటీ చూపుతున్నానని ఎవరూ అనకూడదని దాన్ని పదేళ్ళకు పైగా లైన్లో చివర నిలబెట్టాను. నాకిప్పుడు అరవై మూడేళ్ళు. ఈ రెండేళ్ళూ మా అమ్మాయి దగ్గరుండి, దాని మీద పార్షియాలిటీ చూపాలని నా కోరిక. దయచేసి అనుమతించగలరు. ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక."

షెర్లీ రెండుసార్లు చదివింది. సింక్ దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కుంది.

"పార్షియాలిటీ స్పెల్లింగు తప్పు" అంది, అటు తిరిగే.

"దిద్దు మరి."

"అక్కర్లేదు. ఉండనీ అమ్మా" అని తానే స్కాన్ చేసి పంపింది. అమ్మా అన్న మాట విని నాకు గడువు సంగతి కూడా కాసేపు మరుపొచ్చింది.

ఆ తర్వాత ఐదు వారాలు నేను ప్రార్థనలో దేవుణ్ణి విసిగించాను. పోస్టు వచ్చే వేళకి తలుపు దగ్గరే తచ్చాడుతుంటే, జవాబు ఫోన్‌లోకే వస్తుంది అత్తయ్యగారూ అని కెన్నీ ఆటపట్టించేవాడు. జూలై మొదటి శుక్రవారం ఫోన్‌లోకే వచ్చింది. 2025 ఏప్రిల్ దాకా ఉండొచ్చు. ఉత్తరం గురించి వాళ్ళు ఒక్క ముక్కా రాయలేదు. అంత పొడి ఉత్తరాలు రాసేవాళ్ళ మీద నాకు మొదటిసారి కోపం రాలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి రెండు కోళ్ళు వండాను. పదకొండుమందీ కంచాలతో లైన్లో నిలబడ్డారు. ప్రార్థన అయింది. మూత తీసి గరిటె పట్టుకుని చూస్తే, షెర్లీ లైన్లో చివర నిలబడి ఉంది. ఇది దాని ఇల్లు, దాని వంటగది. అయినా ఆ కాళ్ళకి అలవాటైన చోటు అదే.

"షెర్లీ, ముందుకు రా."

ముందున్న గోపీకృష్ణ కంచం అడ్డం పెట్టాడు. "మేడమ్, లైన్ బ్రేక్ చేయకూడదని రూల్ మీదే కదండీ. ఇది పార్షియాలిటీ అండి."

"అవును. రెండేళ్ళకి పర్మిషన్ వచ్చింది. జరుగు."

వర్షిణి వాడి చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. షెర్లీ మొహమాటపడుతూ ముందుకొచ్చి కంచం చాపింది. నిండా వడ్డించాను. అది కదలలేదు. కంచంలోకి చూసింది, గిన్నెలోకి చూసింది.

"అమ్మా, లెగ్ పీస్ వేయలేదు" అంది.

నేను ఆ మాట కోసమే పుట్టినదానిలా గిన్నెంతా గాలించి, రెండు వేశాను.