స్వామివారి సంతకం కావాలన్నారు

నేను ఒక రబ్బరు ముద్రను. పిడి టేకుది, అడుగు రబ్బరుది, పొగరు మాత్రం సొంతం. తణుకు కోర్టు ఎదురుగా ఉన్న చిన్న కొట్టులో పుట్టాను. నాతో పాటు పుట్టినవన్నీ 'అందినది', 'నకలు' లాంటి చిల్లర ముద్రలు. నా మీద మాత్రం 'మత విశ్వాసం దృష్ట్యా మినహాయింపు' అని చెక్కారు. అంత బరువైన మాట మోసేదాన్ని కాబట్టి వాటితో మాట్లాడేదాన్ని కాదు.

నన్ను చేయించినవారు సంతాన గోపాల అగరుబత్తుల కంపెనీ నడిపే పోలిశెట్టి దాశరథి గారు. అక్కడ పనిచేసేది నలభైమంది ఆడవాళ్లు. ఉద్యోగుల ఆరోగ్య పథకంలో గర్భం రాకుండా వాడే మాత్రలు, కాపర్ టీ కూడా చేర్చాలని కొత్త నిబంధన వచ్చింది. యజమాని మత విశ్వాసానికి అది అడ్డయితే మినహాయింపు కోరవచ్చని కూడా అందులోనే ఉంది. పిల్లల్నిచ్చే స్వామి పేరు పెట్టుకుని, పిల్లలు పుట్టకుండా మనమే చూస్తామా అని దాశరథి గారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన భక్తిలో నటన లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నన్ను తేగానే పరీక్షకని తన అరచేతిలో ఒక ముద్ర వేసుకున్నారు. సిరా నాలుగు రోజులు పోలేదు. కంచం దగ్గర ఆ చెయ్యి చాపితే ఆయన భార్య చదివి, నెయ్యి గిన్నె వెనక్కి పెట్టేసింది.

మొదటి దరఖాస్తు సుగుణావతిది. ప్యాకెట్లు కట్టే పని, ఇద్దరు పిల్లలు. గుండెకు ఆపరేషన్ అయింది, మళ్లీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ రాసిచ్చింది. కాపర్ టీ వేయించమని అడిగింది. నేనేమో ఆ కాగితం మీద నాకు చోటెక్కడుందా అని చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతలో మినహాయింపు కాగితాలు చూడటానికి జుబేదా గారనే అధికారిణి వచ్చారు. కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. పదేళ్ల కిందట మొక్కు తీర్చుకుంటూ దాశరథి గారు, యజమాని అన్నచోట శ్రీ సంతాన గోపాలస్వామి పేరు రాయించి, తన పేరు మేనేజరు అన్నచోట వేయించుకున్నారు. మినహాయింపు యజమాని విశ్వాసానికే గానీ మేనేజరు విశ్వాసానికి కాదట.

"స్వామివారి సంతకం తెప్పించండి. కూర్చుంటాను," అన్నారావిడ.

కంపెనీని తన పేరుకు మార్చుకుంటే మొక్కు తప్పినట్టే. అందుకని దాశరథి గారు స్వామినే అడుగుదామన్నారు. కంపెనీ పూజ గదిలో స్వామి విగ్రహం రెండు భుజాల మీదా రెండు పువ్వులు పెట్టారు. కుడిది రాలితే మినహాయింపు, ఎడమది రాలితే కాపర్ టీ. గాలి తగలకుండా ఫ్యాను ఆపించారు. నన్ను స్వామి పాదాల దగ్గర ఉంచి, సొంత కంపెనీ బత్తులు రెండు కట్టలు వెలిగించారు. కాసేపటికి స్వామి పొగలో కనిపించకుండా పోయాడు. ఆ పొగకే దాశరథి గారు గట్టిగా తుమ్మారు. ఎడమ పువ్వు ఎగిరి నా నెత్తిన పడింది.

తుమ్ము లెక్కలోకి రాదని ఆయన వాదన. తుమ్ము గురించి నిబంధనల్లో ఏమీ లేదని జుబేదా గారి జవాబు. ఆయన పువ్వు మళ్లీ పెట్టబోతుంటే, గుమ్మం దగ్గర గుమిగూడిన ఆడవాళ్లలోంచి సుగుణావతి ముందుకొచ్చింది. ఆ విగ్రహం యశోద ఒళ్లో కూర్చున్న చిన్ని కృష్ణుడిది.

"ఆ సామి కూడా అమ్మ ఒళ్లోనే కూర్చున్నాడు గదండీ బాబుగారూ. నా పిల్లలకీ ఆ ఒడి ఉండనివ్వండి."

దాశరథి గారు పువ్వు పట్టుకునే విగ్రహం దగ్గరకు వంగి చూశారు. పదేళ్లు పూజ చేసిన విగ్రహంలో యశోదను అప్పుడే చూసినట్టున్నారు. తర్వాత దరఖాస్తు తీసుకుని, 'యజమాని తరఫున సమ్మతం' అని రాసి సంతకం చేశారు. నా వైపు చెయ్యి రాలేదు. నాకు ఏడుపొచ్చింది, కొంచెం నా కోసం, ఎక్కువ ఆమె కోసం సంతోషంతో.

నా ఉద్యోగం మొత్తానికి ఆ అరచేతి ముద్ర ఒక్కటే. ఇప్పుడు పూజ గదిలో నా పిడితో కర్పూరం నలుపుతున్నారు. రోజూ హారతి వెలిగించాక దాశరథి గారు ముందు యశోద ముఖానికి చూపిస్తారు, ఆ తర్వాతే యజమానికి.